చెన్నైలో ఆగిన ఎక్స్‌ప్రెస్‌వే.. కృష్ణపట్నానికి ఏం నేర్పింది? కూవం నదిలో మిగిలిన పిల్లర్ల కథ ఇదీ

చెన్నై కోయంబేడు వైపు వెళ్లిన నెల్లూరు వాళ్లకు ఆ పిల్లర్లు గుర్తుండే ఉంటాయి. కూవం నది వెంట వరుసగా నిలబడిన కాంక్రీట్ స్తంభాలు. పైన రోడ్డు లేదు. కింద నల్లటి నీళ్లు. ఏళ్ల తరబడి బస్సు కిటికీలోంచి చూసి, ఇదేదో ఫ్లైఓవర్ మధ్యలో వదిలేశారని అనుకున్నవాళ్లే ఎక్కువ.

నిజానికి అది మామూలు ఫ్లైఓవర్ కాదు. చెన్నై పోర్టు నుంచి మధురవాయల్ దాకా నగరం మీదుగా వెళ్లాల్సిన 19 కిలోమీటర్ల ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే. ప్రధాని వచ్చి శంకుస్థాపన చేశారు. పనులు మొదలయ్యాయి. అయినా 2009లో గీసిన ఆ నాలుగు లేన్ల రోడ్డు ఎప్పటికీ పూర్తి కాలేదు.

పక్క రాష్ట్రంలో ఆగిన రోడ్డుతో మనకేంటి సంబంధం? సంబంధం ఉంది. ఆ రోడ్డు ఎక్కాల్సిన సరుకులో కొంత నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం వైపు చూసింది. మళ్లీ 2024లో అదే కృష్ణపట్నం నుంచి కంటైనర్లు తమిళనాడు వైపు మళ్లిపోతున్నాయంటూ నెల్లూరులో ఆందోళన మొదలైంది. ఈ రెండూ కలిపి చూస్తేనే అసలు విషయం అర్థమవుతుంది.

అసలేంటీ ప్రాజెక్టు?

చెన్నై పోర్టు దేశంలోని పాత పోర్టుల్లో ఒకటి. 1881లో మొదలైంది. అప్పట్లో పోర్టు పక్కన ఊరు పెరగడం లాభమే. ఇప్పుడు అదే తలనొప్పి. ఒకవైపు సముద్రం, మిగతా వైపులా జనంతో కిక్కిరిసిన నగరం. పోర్టులోంచి కంటైనర్ లారీ బయటికి రావాలంటే సిటీ రోడ్ల మీదుగానే రావాలి. పగటిపూట భారీ లారీలకు సిటీలో ఆంక్షలు ఉంటాయి.

ఫలితంగా ఉత్తరం వైపు ఎన్నూరు, మణలి రోడ్ల మీద లారీల క్యూలు కిలోమీటర్ల కొద్దీ పెరిగాయి. తడ, గుమ్మిడిపూండి మీదుగా ఆంధ్రా నుంచి వెళ్లే లారీలు చిక్కుకునేది కూడా ఇటువైపే.

దీనికి పరిష్కారంగా వచ్చిందే ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే ఐడియా. పోర్టు గేటు దగ్గర లారీ పైకి ఎక్కితే కోయంబేడు దాకా కూవం నది వెంట, అక్కడి నుంచి మధురవాయల్ దాకా ఆగకుండా వెళ్లి బెంగళూరు హైవేలో కలవాలి. మధ్యలో సిగ్నళ్లు ఉండవు, పగలు రాత్రి తేడా ఉండదు. సిటీలో భూమి దొరకడం కష్టం కాబట్టి నది గట్టును ఎంచుకున్నారు.

2009 జనవరి 8న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం 1,655 కోట్లు. జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్ఏఐ) చేతిలో ప్రాజెక్టు. కాంట్రాక్టు దక్కింది సోమా ఎంటర్‌ప్రైజ్‌కు. 2010 సెప్టెంబరులో పనులు మొదలయ్యాయి.

పోలిక కోసం మన దగ్గరి ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు ఉన్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 11.6 కిలోమీటర్లు. అది 2009 అక్టోబరులోనే ప్రారంభమైంది. అంటే ఒకే ఏడాదిలో హైదరాబాద్‌లో ఒక ఎలివేటెడ్ రోడ్డు మీద కార్లు పరుగెత్తాయి, చెన్నైలో ఇంకోదానికి పునాది రాయి పడింది. ఒకటి ఎయిర్‌పోర్టు ప్రయాణికుల కోసం, ఇంకోటి కంటైనర్ల కోసం. రెండోది పిల్లర్ల దగ్గరే ఆగింది.

మరి ఎందుకు ఆగింది?

2011లో తమిళనాడులో ప్రభుత్వం మారింది. డీఎంకే పోయి జయలలిత నేతృత్వంలోని అన్నాడీఎంకే వచ్చింది. 2012 మార్చి చివర్లో రాష్ట్ర ప్రజాపనుల శాఖ పనులు ఆపేయాలని నోటీసు ఇచ్చింది.

ప్రభుత్వం చెప్పిన కారణం ఒక్కటే. ముందు ఒప్పుకున్న అలైన్‌మెంట్ ప్రకారం కాకుండా పిల్లర్లను నది ప్రవాహంలోనే వేస్తున్నారు, వరద వస్తే నీళ్లు వెళ్లే దారి తగ్గిపోతుంది అని. ఇది కొట్టిపారేసే అభ్యంతరం కాదు. చెన్నైలో వాన నీళ్లు సముద్రంలోకి పోవడానికి ఉన్న ముఖ్యమైన దారుల్లో కూవం ఒకటి. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై ఎలా మునిగిందో దేశమంతా చూసింది.

అయితే ఇది గత ప్రభుత్వ హయాంలో మొదలైన ప్రాజెక్టు కావడంతో రాజకీయ కోణం మీదా పెద్ద చర్చే జరిగింది. గొడవ మద్రాస్ హైకోర్టుకు చేరింది. 2014 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ స్టాప్ వర్క్ ఆర్డర్‌ను కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పనులు మాత్రం కదల్లేదు.

ఇక్కడ ఎక్కువ మంది మర్చిపోయే విషయం ఒకటుంది. ఈ రోడ్డు కోసం కూవం గట్టు మీద గుడిసెల్లో బతుకుతున్న పేద కుటుంబాలను ఖాళీ చేయించి నగర శివార్లకు తరలించారు. కూలి పనికి దగ్గరగా ఉన్న చోటు పోయింది, పిల్లల బడి మారింది. వాళ్లు వెళ్లిపోయారు కానీ రోడ్డు రాలేదు. ప్రాజెక్టు ఆగిపోతే నష్టం కాగితం మీద కోట్లలో మాత్రమే ఉండదని చెప్పడానికి ఇదే ఉదాహరణ.

లారీ ఆగితే ఎవరికి నష్టం?

పోర్టు గేటు దగ్గర లారీ నిలబడితే ఏమవుతుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే.

ఒక లారీ రెండు రోజులకు ఒక ట్రిప్పు వేస్తుందనుకుందాం. నెలకు 15 ట్రిప్పులు. పోర్టు బయట క్యూలో ఒక్క రోజు అదనంగా ఆగితే మూడు రోజులకు ఒక ట్రిప్పు. అంటే నెలకు 10. ఓనర్‌కు రాబడిలో మూడో వంతు పోయినట్టే. ఫైనాన్స్ కంపెనీ ఈఎంఐ మాత్రం మూడో వంతు తగ్గదు. ట్రిప్పుకు ఇంత అని తీసుకునే డ్రైవర్ బత్తా కూడా ట్రిప్పులతో పాటే తగ్గుతుంది.

ఎగుమతి చేసేవాళ్లకు ఇంకో టెన్షన్. ఓడ ఎక్కాల్సిన కంటైనర్ గడువులోపు గేటు దాటాలి. దాటకపోతే ఆ ఓడ వెళ్లిపోతుంది. తర్వాతి ఓడ దాకా ఆగాలి. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లే రొయ్యల సంగతి చెప్పనక్కర్లేదు. గడ్డకట్టించిన సరుకు రిఫ్రిజిరేటెడ్ కంటైనర్‌లో వెళ్తుంది. లారీ ఆగినా చలి ఆగకూడదు. రోడ్డు మీద గడిచే ప్రతి గంటకూ డీజిల్ కాలుతూనే ఉంటుంది. ఆ ఖర్చు ఎక్కడికి పోతుంది? చివరికి చెరువు గట్టు మీద రైతుకు ఇచ్చే రేటులో కోత పడుతుంది.

అందుకే సరుకు పంపేవాళ్లు పోర్టును చూసేటప్పుడు ఓడ ఎంత పెద్దదని మాత్రమే అడగరు. గేటు దాకా ఎంతసేపు పడుతుందని అడుగుతారు.

కృష్ణపట్నానికి ఎలా కలిసొచ్చింది?

చెన్నైకి రోడ్డు మీద దాదాపు 180 కిలోమీటర్ల దూరంలో, ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం పోర్టు ఉంది. హైదరాబాద్‌కు చెందిన నవయుగ గ్రూప్ దీన్ని డెవలప్ చేసింది. 2008లో ప్రారంభమైంది. 18 మీటర్ల లోతు ఉండటంతో పెద్ద ఓడలు వచ్చే వీలుంది. చుట్టూ నగరం లేదు. ఇదే దీని పెద్ద ప్లస్.

ఈలోగా చెన్నై పోర్టుకు ఇంకో దెబ్బ తగిలింది. బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఇళ్ల మీద పడుతోందన్న కేసులో మద్రాస్ హైకోర్టు ఆదేశాలతో 2011 అక్టోబరు 1 నుంచి అక్కడ ఆ రెండు సరుకుల హ్యాండ్లింగ్ ఆగిపోయింది. ఆ బొగ్గులో ఎక్కువ భాగం పక్కనే ఉన్న ఎన్నూరు పోర్టుకు వెళ్లింది. కొంత సరుకు కృష్ణపట్నం వైపూ వచ్చింది.

2012 మార్చిలో ఎక్స్‌ప్రెస్‌వే ఆగింది. అదే 2012లో కృష్ణపట్నంలో కంటైనర్ల పని మొదలైంది. ఈ రెండూ ఒకదాని వల్ల ఒకటి జరగలేదు, కాలం అలా కలిసింది. కానీ చెన్నై గేటు దగ్గర విసిగిపోయిన వ్యాపారికి ఉత్తరాన ఒక కొత్త గేటు కనిపించిందన్నది మాత్రం వాస్తవం. గుంటూరు మిర్చి, ప్రకాశం పొగాకు, గ్రానైట్ వంటి సరుకుకు చెన్నై దాకా వెళ్లే దూరం తగ్గింది.

కృష్ణపట్నం ఎదుగుదలకు చెన్నై ఇబ్బందులే కారణమంటే అది కూడా తప్పే. లోతైన నీళ్లు, పక్కనే నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, దానికి కావాల్సిన బొగ్గు, దగ్గర్లోనే 16వ నంబర్ జాతీయ రహదారి.. ఇవన్నీ కలిసొచ్చాయి.

అన్నిటికంటే ముఖ్యంగా పోర్టుకు దారులు పడ్డాయి. వెంకటాచలం నుంచి ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె దాకా కొత్త రైల్వే లైన్ వేశారు. వెలిగొండ కొండల్ని తొలిచి 6.6 కిలోమీటర్ల టన్నెల్ కట్టారు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు ఆ టన్నెల్‌ను ప్రారంభించారు. ఇది కూడా చిటికెలో అయిపోలేదు, చాలా ఏళ్లు పట్టింది. కానీ అయింది. దాంతో గుంతకల్లు వైపు వెళ్లే గూడ్స్ రైళ్లు గూడూరు, రేణిగుంట చుట్టు తిరగాల్సిన అవసరం తగ్గింది.

ఒకచోట నది మీద పిల్లర్లు, ఇంకోచోట కొండలోంచి రైలు. తేడా అక్కడే వచ్చింది.

2024లో సీన్ ఎలా రివర్స్ అయింది?

2020 అక్టోబరులో కృష్ణపట్నం పోర్టులో 75 శాతం వాటా అదానీ పోర్ట్స్ చేతికి వెళ్లింది. 2021లో మిగతా 25 శాతం కూడా తీసుకుంది. చెన్నైకి ఉత్తరాన ఉన్న కాటుపల్లి పోర్టు 2018 నుంచే ఆ సంస్థ చేతిలో ఉంది. ఎన్నూరులోనూ ఆ సంస్థకు కంటైనర్ టెర్మినల్ ఉంది.

2024 ఆరంభంలో కృష్ణపట్నానికి కంటైనర్ ఓడల రాక ఆగిపోవడంతో నెల్లూరు జిల్లాలో దుమారం రేగింది. కంటైనర్లన్నీ తమిళనాడు పోర్టులకు తరలిపోతున్నాయని స్థానిక నేతలు, కార్మికులు ఆందోళనకు దిగారు. బొగ్గు లాంటి సరుకు వస్తున్నా సరే, కంటైనర్ పోతే ఉద్యోగాలు పోతాయన్నది వాళ్ల బాధ.

దీని వెనక లాజిక్ ఉంది. బొగ్గు కన్వేయర్ మీద, రైలు వ్యాగన్లలో వెళ్లిపోతుంది. తక్కువ మంది చాలు. కంటైనర్ అలా కాదు. లోడింగ్, అన్‌లోడింగ్, కస్టమ్స్ ఏజెంట్లు, గోదాములు, లారీ యార్డులు, మెకానిక్ షెడ్లు, రోడ్డు పక్క హోటళ్లు.. ఒక్కో పెట్టె చుట్టూ పదిమందికి పని దొరుకుతుంది. పోర్టులో టన్నుల లెక్క బాగానే ఉన్నా ఊళ్లో పని తగ్గొచ్చు. ముత్తుకూరు, వెంకటాచలం వైపు జనం భయపడింది అందుకే.

అంటే చెన్నైలో రోడ్డు లేక సరుకు ఇటు చూసినట్టే, ఇక్కడ ఓడ రాకపోతే సరుకు అటు వెళ్లిపోతుంది. సరుకుకు రాష్ట్రం, భాష, అభిమానం ఉండవు. ఎటు ఖర్చు తక్కువైతే అటే.

దుగరాజపట్నం.. మన దగ్గరా ఒక ఆగిన కథ

మధ్యలో ఆగిపోవడం చెన్నై సొత్తేం కాదు. ఉమ్మడి నెల్లూరు జిల్లా వాకాడు మండలంలో దుగరాజపట్నం ఉంది. 2014 రాష్ట్ర విభజన చట్టం 13వ షెడ్యూల్‌లోనే ఈ పేరు ఉంది. కేంద్రం ఇక్కడ కొత్త మేజర్ పోర్టు కట్టాలి, తొలి దశ 2018 చివరికి పూర్తి కావాలి అని రాశారు.

2018 పోయింది. పోర్టు రాలేదు. ఒకవైపు శ్రీహరికోట రాకెట్ కేంద్రం, ఇంకోవైపు పులికాట్ పక్షుల అభయారణ్యం, కాస్త ఉత్తరాన అప్పటికే నడుస్తున్న కృష్ణపట్నం. ఇన్నిటి మధ్య గిట్టుబాటు కాదన్న వాదన గెలిచింది. ఇప్పుడు అక్కడ నౌకా నిర్మాణ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన వినిపిస్తోంది.

ఇంకా వెనక్కి వెళ్తే మరీ ఆసక్తికర విషయం తెలుస్తుంది. 1620ల్లో ఈస్టిండియా కంపెనీ ఇదే దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకుంది. ఇంగ్లిష్ వాళ్లు దీన్ని ఆర్మగాన్ అనేవారు. ఇక్కడ వ్యాపారం సరిగా సాగలేదు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే మంచి బట్ట చవగ్గా దొరికే చోటు కోసం దక్షిణానికి వెళ్లాడు. 1639 ఆగస్టు 22న దామెర్ల నాయకుల నుంచి మద్రాసపట్నంలో కోట కట్టుకోవడానికి అనుమతి సంపాదించాడు. మరుసటి ఏడాది మకాం అటు మారింది. అలా పుట్టిన ఊరే ఇవాళ్టి చెన్నై.

అంటే నెల్లూరు తీరం నుంచి వ్యాపారం చెన్నైకి వెళ్లిపోవడం 2024లో కొత్తగా మొదలైంది కాదు. దాదాపు 400 ఏళ్ల కిందటే ఒకసారి జరిగింది. అప్పుడూ కారణం అదే, ఎక్కడ గిట్టుబాటైతే అక్కడికి.

ఎక్స్‌ప్రెస్‌వే మళ్లీ మొదలైంది.. కానీ పాతది కాదు

చెన్నై ప్రాజెక్టు పూర్తిగా చచ్చిపోలేదు. తమిళనాడులో 2021లో మళ్లీ డీఎంకే ప్రభుత్వం వచ్చింది. 2022 మే 16న రాష్ట్ర ప్రభుత్వం, ఎన్‌హెచ్ఏఐ, చెన్నై పోర్టు, నౌకాదళం కలిసి ఒప్పందం చేసుకున్నాయి. మే 26న ప్రధాని మోదీ చెన్నైలో కొత్తగా శంకుస్థాపన చేశారు. అంటే ఒకే దారికి 13 ఏళ్ల తేడాతో ఇద్దరు ప్రధానుల శంకుస్థాపన.

ఈసారి డిజైన్ వేరు. రెండంతస్తుల రోడ్డు. పై అంతస్తులో పోర్టు లారీలు, కింది అంతస్తులో సిటీ వాహనాలు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు. ఖర్చు 5,850 కోట్లకు పైనే. పాత అంచనా 1,655 కోట్లు. డిజైన్ పెరిగింది కాబట్టి ఈ రెండు అంకెల్నీ నేరుగా పోల్చడం సరికాదు. కానీ అప్పుడే పూర్తయి ఉంటే ఇంత ఖర్చు పెట్టాల్సి వచ్చేది కాదన్నది మాత్రం కాదనలేం. పాత పిల్లర్లు ఒక్క అంతస్తు బరువు కోసం వేసినవి. రెండంతస్తుల లెక్క వేరు. అందుకే 2009లో గీసిన ఎక్స్‌ప్రెస్‌వే ఇక కాగితం మీదే మిగిలిపోయింది.

నెల్లూరు ఇప్పుడు ఏం చూడాలి?

చెన్నై డబుల్ డెక్కర్ పూర్తయితే అక్కడి పోర్టు నుంచి లారీ రాత్రి దాకా ఆగాల్సిన పని తగ్గుతుంది. ఇన్నేళ్లూ చెన్నైకి ఉన్న పెద్ద మైనస్ తగ్గితే కృష్ణపట్నానికి ఉన్న ప్లస్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. అందుకే ఇటువైపు రోడ్లు అంతకంటే ముందే సిద్ధం కావాలి.

2023 జులై 13న కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ తిరుపతిలో శంకుస్థాపన చేసిన రోడ్లు ఇందుకోసమే. నాయుడుపేట నుంచి తూర్పు కనుపూరుకు ఒకటి. చిల్లకూరు క్రాస్ నుంచి తూర్పు కనుపూరు మీదుగా పోర్టు సౌత్ గేటుకు ఇంకోటి. ఏపూరు వైపు నుంచి పోర్టుకు మరోటి. పనులు పూర్తయితే శ్రీసిటీ, నాయుడుపేట వైపు ఫ్యాక్టరీల లారీలు నెల్లూరు దాకా రాకుండానే నేరుగా పోర్టుకు వెళ్తాయి.

కూవం పిల్లర్లు చెప్పే పాఠాలు ఇక్కడ పనికొస్తాయి.

ఒకటి, అలైన్‌మెంట్ విషయంలో అన్ని శాఖలూ ముందే ఒక మాట మీద ఉండాలి. నదిలో పిల్లర్ వేశాక అభ్యంతరం చెబితే అప్పటికే ఆలస్యం. నెల్లూరు తీరంలోనూ కాలువలు, ఉప్పుటేరులు, బకింగ్‌హామ్ కాలువ, రొయ్యల చెరువులు ఉన్నాయి. రోడ్డు కట్ట వేస్తే తుపాను నీళ్లు ఎటు పోతాయన్నది ముందే తేల్చాలి.

రెండు, ప్రభుత్వం మారినా పని ఆగకూడదు. చెన్నైలో ఆగింది కాంక్రీట్ లేక కాదు.

మూడు, ఇల్లు, పొలం ఇచ్చినవాళ్లకు పరిహారం రోడ్డుతో పాటే అందాలి. వాళ్లు ముందే కదిలి, రోడ్డు పదేళ్ల తర్వాత వస్తే ఆ నష్టం ఎవరూ పూడ్చలేరు.

నాలుగు, రోడ్డు ఒక్కటే సరిపోదు. గేటు దాకా లారీ నలభై నిమిషాల్లో వచ్చినా అక్కడ ఎక్కాల్సిన ఓడే లేకపోతే ఆ రోడ్డు ఖాళీగానే ఉంటుంది. కంటైనర్ ఓడలు క్రమం తప్పకుండా రావడం, వాటికి సరిపడా సరుకు ఇక్కడే దొరకడం.. రెండూ కావాలి.

కూవం ఒడ్డున రోడ్డు కోసం సరుకు పదేళ్లు కూర్చుని ఎదురుచూడలేదు. లేచి వేరే గేటు వెతుక్కుంది. కృష్ణపట్నం దారిలో ఇప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది అదే.